నా బరువుకి సరితూగిన పళ్లు

మా ఊళ్లో నా వయసు అడిగితే తడుముకునేవాళ్లుంటారు కానీ, నా బరువు తెలియనివాళ్లు లేరు. ఏటా మే నెల మొదటి ఆదివారం ఆరాధన అయిపోయాక, మా చర్చి ఆవరణలో, మామిడికాయలు తూచే కాటా మీద నన్ను నిలబెట్టి తూస్తారు. మా అమ్మ మైకు పట్టుకుని అంకె చదువుతుంది. సంఘమంతా చప్పట్లు కొడుతుంది. తర్వాత నన్ను దింపి, అదే కాటా మీద నా బరువుకి సరిపడా బంగినపల్లి పళ్లు తూచి, వచ్చినవాళ్లందరికీ తలా కాసిని పంచిపెడతారు. ఇరవై ఏళ్లు దాటింది, ఇదే వరస. సోమవారం పొద్దున బస్టాండు దగ్గర పూలమ్మే ఆవిడ కూడా, "ఈ ఏడు యాభై ఏడు తొమ్మిదొందలంటగా అమ్మా, సంతోషం," అంటుంది. ఆవిడ మా సంఘం కాదు, మా మతమూ కాదు. అయినా ఆవిడకి గ్రాములతో సహా తెలుసు.

హిందువులు దీన్ని తులాభారం అంటారు. మేం అనం. మాది ప్రొటెస్టెంటు కుటుంబం కాబట్టి కృతజ్ఞతార్పణ అంటాం. కాటా అదే, పళ్లు అవే. అమ్మ మొదటిసారి ఈ మాట ఎత్తినప్పుడు అప్పటి పాస్టరు గారు రెండు వారాలు నీళ్లు నమిలారట. "ఇది మన పద్ధతి కాదేమోనమ్మా," అన్నారట. "మొక్కుబడి అనేది మన గ్రంథంలోనూ ఉంది కదండీ అయ్యగారూ. మొక్కుకున్నాను, చెల్లిస్తున్నాను. తూకం వేస్తే తప్పేంటండీ? అందాజాగా ఇవ్వమంటారా దేవుడికి?" అంది అమ్మ. అమ్మ అప్పట్లో సర్కారు బడిలో లెక్కల టీచరు. అందాజా అన్న మాట ఆమె దృష్టిలో బూతు. అయ్యగారు ఒప్పుకున్నారు.

ఆ మొక్కు వెనక సంగతి ఇది. నాకు ఎనిమిదేళ్లప్పుడు స్కూలు స్కర్టు నడుం మీద నిలబడటం మానేసింది. అమ్మ హుక్కు జరిపి కుట్టింది. పది రోజులకి మళ్లీ జరిపి కుట్టింది. మూడోసారి సూది చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయిందని, నాకంటే ఆరేళ్లు పెద్దదైన మా అక్క ఇప్పటికీ చెబుతుంది. ఆ తర్వాత జ్వరం, రక్తపరీక్ష, బ్లడ్ క్యాన్సర్ అన్న మాట. ఏడాదిన్నర మందులు వాడాక తగ్గిందన్నారు, తగ్గింది తిరిగొచ్చిందన్నారు. చివరికి దూరాన ఉన్న ఒక పెద్దాసుపత్రిలో నా ఎముకల్లోని మూలుగ మొత్తం మందులతోను, ఒళ్లంతా పెట్టిన రేడియేషన్‌తోను ఎండగట్టేసి, మా అక్క మూలుగ తీసి నాకు ఎక్కించారు. అప్పుడు నాకు పదేళ్లు. అక్కకి పదహారు. ఆ సూదికి భయపడి ఆసుపత్రి బాత్రూములో గడియ పెట్టుకుని కూర్చుందని, బయటికి రప్పించడానికి నాన్న ఒక సెల్‌ఫోను ఆశపెట్టాల్సొచ్చిందని కూడా అక్కే చెబుతుంది. నా ప్రాణం ఖరీదు ఎంతో నాకు బాగా తెలుసు. ఒక సెల్‌ఫోను, అదీ మీటలది.

ఏ జబ్బూ అంటకుండా నన్ను అద్దాల గదిలో ఉంచిన రోజుల్లో అమ్మ బయట నిలబడి మొక్కుకుంది. పిల్ల బతికితే, ప్రతి ఏడూ తోటలో తొలి కోతలోంచి పిల్ల బరువుకి సరిపడా పళ్లు నీ మందిరానికి ఇస్తాను ప్రభువా అంది. అక్కడితో ఆపినా సరిపోయేది. కానీ లెక్కల మనిషి కదా, ఒక షరతు కూడా తగిలించింది: ఏ ఏడూ కిందటేటి కంటే తగ్గకుండా ఇస్తాను. ఇది ఎవరూ అడగలేదు. దేవుడు అడిగినట్టు కూడా ఎక్కడా దాఖలా లేదు.

మొదటి ఏడు నేను పందొమ్మిది కిలోలు. తల మీద వెంట్రుకలు అప్పుడే నూగుగా వస్తున్నాయి. రెండో ఏడు ఇరవై మూడు. సంఘంలో ముసలమ్మలు కళ్లు తుడుచుకున్నారు. మూడో ఏడు ఇరవై ఎనిమిది. ఆ తర్వాత నా ఎత్తు పెద్దగా పెరగలేదు కానీ బరువు మాత్రం ఏటా మాట నిలబెట్టుకుంటూ వచ్చింది. "ఒళ్లు చేసిందండీ పిల్ల, స్తోత్రం," అనేవాళ్లు. నా బుగ్గ పట్టుకుని లాగేవాళ్లు. పళ్లు పట్టుకెళ్లినవాళ్లు మర్నాడు కనబడి, "ఈ ఏడు బలే తియ్యగా ఉన్నావే అమ్మాయ్," అని నవ్వేవాళ్లు. పదహారేళ్ల పిల్లకి ఈ మాట ఎలా ఉంటుందో ఎవరూ ఆలోచించలేదు. నాకు పెళ్లి చూపులకి ఆగిరిపల్లి నుంచి ఒక కుటుంబం వచ్చింది. వాళ్లు నా చదువు అడిగారు, వంట అడిగారు, నా జబ్బు గురించి గుసగుసగా అడిగారు. బరువు మాత్రం అడగలేదు, అది వాళ్లకి ముందే తెలుసు. జబ్బు సంగతి విన్నాక కాఫీ కూడా పూర్తిగా తాగకుండా లేచారు.

పెరిగిన బరువు ఎక్కడెక్కడికి వెళుతోందో మాత్రం నాకొక్కదానికే తెలిసేది. నా చేతులు చీపురుపుల్లల్లాగే ఉండిపోయాయి. కాళ్లూ అంతే. వచ్చినదంతా పొట్ట చుట్టూ, మెడ కింద చేరి కూర్చుంది. మా టైలరు ప్రతిసారీ కొలతలు తీసుకుని, తను తప్పుగా రాసుకున్నానేమోనని మళ్లీ తీసేది. "చేతులేమో పన్నెండేళ్ల పిల్లవి, నడుమేమో నలభై ఏళ్ల మనిషిది, ఎలా కుట్టేదమ్మా నేను?" అనేది. వైద్యపరంగా నా గురించి మొదట సరైన మాట చెప్పింది ఆవిడే. మేం దాన్ని టైలరు సణుగుడు అనుకున్నాం.

మా నాన్న తోటలు కౌలుకి పట్టి, కాయ కోయించి, షెడ్డులో గ్రేడింగు చేయించి లోడు పంపుతాడు. కాయ విషయంలో ఆయన ఎవర్నీ నమ్మడు. ఎంత నిగనిగలాడే కాయైనా, ఎంత బరువు తూగినా, ప్రతి కుప్పలోంచి రెండు తీసి కత్తితో అడ్డంగా కోసి చూస్తాడు. పైన చూడటానికి బంగారంలా ఉండి లోపల టెంక చుట్టూ మెత్తబడిన కాయలు ఆయన బోలెడన్ని చూశాడు. "బరువు చూసి కొనేవాడు బేరగాడే కాదు," అనేవాడు కుర్రవ్యాపారులతో. అంతటి మనిషి తన కూతుర్ని మాత్రం ఏటా కాటా ఎక్కించి, అంకె చూసి, తృప్తిగా తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయేవాడు.

నేను ఊళ్లోనే ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతాను. కండరాల పాఠం ఎనిమిదో తరగతికి ఏటా చెబుతాను. బోర్డు మీద చెయ్యి బొమ్మ గీసి, ఎముక ఇది, కండ ఇది, చర్మం కింద కొవ్వు ఇది అని మూడు రంగుల్లో చూపిస్తాను. అలాంటి నాకు అసలు విషయం ఒక ప్రార్థన కూడికలో తెలిసింది. ఎవరింట్లోనో చాపల మీద గంటన్నర కూర్చున్నాం. చివరి ప్రార్థనకి అందరూ లేచారు. నేను లేవబోయాను, లేవలేదు. కాళ్లు తిమ్మిరెక్కలేదు, నొప్పి లేదు. ఊరికే, లేపేదేదో లోపల లేదు, అంతే. పక్కనున్న అమ్మ, అరవై మూడేళ్ల మనిషి, ఒక్క ఊపున లేచి, చెయ్యిచ్చి నన్ను పైకి లాగింది. "కొంచెం బరువెక్కావుగా, అందుకే," అంది, గొంతులో గర్వం దాచుకోలేక.

ఆ మర్నాడు నేను అక్కకి ఫోను చేశాను. అక్క విస్సన్నపేటలో ఉంటుంది, నర్సు. "ఏడాదికోసారి చూపించుకోమన్నారు కదే, ఎన్నేళ్లయింది వెళ్లి?" అంది. లెక్కేస్తే తొమ్మిదేళ్లు. క్యాన్సర్ తిరిగి రాలేదు కాబట్టి ఆసుపత్రితో మాకు పని లేదనుకున్నాం. అక్క నన్ను తిట్టాల్సినవన్నీ తిట్టి, సెలవు పెట్టి, జనవరిలో వెంటబెట్టుకుని తీసుకెళ్లింది. అమ్మకి మాత్రం, స్కూలు వాళ్ల ట్రైనింగు అని చెప్పాం.

అక్కడ చిన్నప్పుడు క్యాన్సర్ వచ్చి బతికిన పెద్దవాళ్లని చూసే డాక్టరమ్మ ఉంది. నాకంటే చిన్నది. రక్తం తీయించింది, ఒక బల్ల మీద పడుకోబెట్టి స్కాన్ తీయించింది. కాగితం తీసుకుని ఎదురుగా కూర్చుంది. అందులో నా బొమ్మ మూడు రంగుల్లో ఉంది. నేను బోర్డు మీద గీసే బొమ్మ లాంటిదే, కాకపోతే రంగులు ఉండాల్సిన చోట లేవు.

"మీ బరువు మీ ఎత్తుకి మరీ ఎక్కువేం కాదండీ," అంది. "బయట ఏ డాక్టరు చూసినా పర్లేదనే అంటారు. కానీ ఇది చూడండి. మీ కాళ్లలో, చేతుల్లో ఉన్న కండ డెబ్భై ఏళ్ల మనిషికి ఉండేంత. కొవ్వేమో పొట్ట లోపల పేరుకుపోయింది. షుగరు గీత మీద ఉంది."

"నేను ఎక్కువ తినను డాక్టర్," అన్నాను. నా గొంతు నాకే తప్పు చేసిన పిల్ల గొంతులా వినిపించింది.

"మీ తప్పు కాదండీ. పెరిగే వయసులో ఒళ్లంతా రేడియేషన్ పెట్టారు. స్టెరాయిడ్లు ఇచ్చారు. ఎదగడానికి కావాల్సిన హార్మోన్లు దెబ్బతిన్నాయి. ట్రాన్స్‌ప్లాంట్ అయిన పిల్లల్లో చాలామందికి పెద్దయ్యాక ఇలాగే అవుతోంది. కాటా మీద తేడా కనపడదు. అందుకే ఎవరూ పట్టించుకోరు."

అక్క కాగితం లాక్కుని చూసింది. "మూలుగ నాదే కదే. నాకు రాని పొట్ట నీకెందుకొచ్చిందే?" అంది. డాక్టరమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇరవై ఏళ్లుగా నా పేరు మీద చప్పట్లు కొట్టించుకున్నదేదో నాకు అప్పుడు అర్థమైంది. నాకు సిగ్గేసింది, కోపమొచ్చింది. ఆ కోపం ఎవరి మీదో కూడా తెలియలేదు. బతికించినవాళ్ల మీద కోపం తెచ్చుకోవడం ఎలాగో ఎవరూ నేర్పలేదు నాకు.

చేయాల్సింది ఏమిటని అడిగితే డాక్టరమ్మ చాలా తేలిగ్గా చెప్పింది. బరువులెత్తండి. గుడ్లు, పప్పు, చేపలు బాగా తినండి, అన్నం తగ్గించండి. ఇప్పుడు కూడా కండ వస్తుంది, కాకపోతే నెమ్మదిగా వస్తుంది. మొదట్లో రెండు మూడు కిలోలు తగ్గొచ్చు, అందుకు భయపడకండి, సంతోషించండి. నేను తలూపాను. తిరుగు ప్రయాణంలో బస్సులో అక్కని అడిగాను, "తగ్గితే అమ్మకి ఏం చెబుదామే?" అని. అమ్మకి మేం ఏం చెప్పినా, నా నడుం వదులైతే ఆమెకి కనబడేది ఎనిమిదేళ్ల పిల్ల స్కర్టేనని మా ఇద్దరికీ తెలుసు.

మా ఊళ్లో జిమ్ము ఒకటుంది. అందులో అద్దాల ముందు చొక్కాలిప్పుకుని నిలబడే కుర్రాళ్లలో సగం మంది నా పాత విద్యార్థులు. అక్కడికి వెళ్లలేను. అందుకని మార్చిలో కాయ దిగడం మొదలవగానే మా నాన్న షెడ్డుకి వెళ్లాను. సీజనులో అక్కడ ప్లాస్టిక్ ట్రేలు ఎత్తి దించే ఆడవాళ్లు పదిమంది ఉంటారు. నిండు ట్రే ఇరవై కిలోలు. వాళ్లలో పెద్దావిడని, నేను పిన్నీ అని పిలిచే ఆమెని, నాకు ట్రే ఎత్తడం నేర్పమని అడిగాను. ఆవిడ ముక్కున వేలేసుకుంది. "టీచరమ్మవి, నీకెందుకమ్మా ఈ చాకిరీ?" అంది. డాక్టరు చెప్పారన్నాను. "మాకే డాక్టరూ చెప్పకుండానే మోస్తున్నాం," అంది పక్కావిడ. అందరూ నవ్వారు.

అయినా నేర్పారు. వంగి ఎత్తకూడదు, కూర్చుని, ట్రేని పొట్టకి ఆనించుకుని, తొడలతో లేవాలి. మొదటి వారం ఖాళీ ట్రే. తర్వాత అందులో అయిదు కాయలు. తర్వాత పది. పిన్ని ఒక్కో కాయనీ దయదలిచినట్టు వేసేది. నేను లేచిన ప్రతిసారీ, నా ట్రేలో ఉన్న కాయల్ని చూసి, "ఇయ్యి పచ్చడికి కూడా చాలవు," అనేది. నాన్న దూరం నుంచి చూసేవాడు. ఒకరోజు మాత్రం వచ్చి, నా ట్రేలో మచ్చ ఉన్న కాయ ఒకటి ఏరేసి, దాని బదులు మంచిది పెట్టి వెళ్లాడు. అది ఎందుకో నాకు ఏడుపు తెప్పించింది.

ఇంట్లో యుద్ధం వేరే. నేను అన్నం తగ్గించానని అమ్మ నెయ్యి పెంచింది. గుడ్డులో పచ్చసొన తీసేస్తే పళ్లెంలోకి మళ్లీ తోసేది. "ఏంటే ఆ తిండి, పిట్ట తిన్నట్టు? మొహం ఎలా పీక్కుపోయిందో అద్దంలో చూసుకున్నావా?" అనేది. నేను చూసుకున్నాను. ముప్పై రెండేళ్లలో మొదటిసారి నా దవడ ఎముక ఎక్కడుందో నాకు తెలిసింది. నాకు సంతోషంగా ఉంది. అమ్మకి నిద్ర పట్టడం లేదు. ఒకే మొహం చూసి ఇద్దరం అలా అయ్యాం.

చెప్పాలని నోటిదాకా వచ్చేది. డాక్టరు కాగితం నా బీరువాలో చీరల కింద ఉంది. కానీ ఆ కాగితం చూపిస్తే, "అమ్మా, నువ్వు ఇన్నేళ్లు దేవుడికి కృతజ్ఞత చెప్పింది నా కొవ్వుకి," అని చెప్పినట్టవుతుంది. చూపించకపోతే, మే నెల మొదటి ఆదివారం సంఘం మొత్తం ముందు ఆమె మొక్కు తప్పిపోతుంది. నేను పిరికిదాన్ని. మూడో దారి వెతికాను. శనివారం మందుల షాపులో కాటా ఎక్కితే యాభై అయిదు వచ్చింది. అంతకుముందు ఏడు చర్చిలో చదివిన అంకె యాభై ఏడు తొమ్మిది వందలు. ఆదివారం ఇంట్లో ఉన్నవాటిలోకెల్లా బరువైన పట్టుచీర కట్టుకున్నాను, రెండు చేతులకీ అక్క గాజులు కూడా అడిగి వేసుకున్నాను. ఎండలో చెమట కారుతూ, యాభై ఆరైనా వస్తే బాగుండునని ప్రార్థించాను. అలాంటి ప్రార్థన మా చర్చిలో బహుశా మరే ఆడదీ చేసి ఉండదు.

నాన్న కాటా మీట నొక్కి సున్నా చేశాడు. నేనెక్కాను. అమ్మ పక్కనే మైకు పట్టుకుని, అంకెలు కనబడే డబ్బా వైపు తిరిగి నిలబడింది. ఎర్రంకెలు యాభై అయిదు దగ్గర కాసేపు ఊగాయి. యాభై అయిదు ఎనిమిది వందలు. అంతలో అంకె కదిలింది. యాభై ఆరు. యాభై ఏడు. యాభై ఎనిమిది రెండు వందల దగ్గర నిలకడగా ఆగింది.

"యాభై ఎనిమిది కిలోల రెండు వందల గ్రాములు!" అంది అమ్మ మైకులో. "స్తోత్రం!" అన్నారు అందరూ. చప్పట్లు మోగాయి. నాకు అయోమయంగా ఉంది. ప్రార్థన ఇంత వేగంగా, ఇంత ఎక్కువగా ఫలించడం నేనెప్పుడూ చూడలేదు. కాటా దిగాను. కాటా మీద ఎవరూ లేరు. అంకె మాత్రం ఉంది. రెండు కిలోల నాలుగు వందలు.

కిందకి చూశాను. అమ్మ చీర కుచ్చిళ్ల కింద నుంచి కుడికాలి బొటనవేలు, దాని పక్క వేళ్లు రెండూ కాటా అంచు మీద ఉన్నాయి. చప్పట్ల సందడిలో తియ్యడం మరిచిపోయింది.

నేను ఒక్క అడుగు వేసి, సంఘానికీ ఆ డబ్బాకీ మధ్య అడ్డంగా నిలబడ్డాను. నాన్న అలవాటుగా మీట నొక్కి సున్నా చేశాడు. అమ్మ ఉలిక్కిపడి కాలు తీసింది. ఇప్పుడు అంకె ముందు ఒక గీత వచ్చింది, సున్నా కంటే రెండు కిలోల నాలుగు వందలు తక్కువ. నాన్న కాటా వైరు పీకేసి, మళ్లీ పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా పళ్లు తూచడం మొదలుపెట్టాడు. కోసి చూడందే కాయని నమ్మని మనిషికి ఈ సంగతి ఆ రోజే తెలిసిందంటే నేను నమ్మను. పళ్లు మాత్రం యాభై ఎనిమిది కిలోల రెండు వందలూ నికార్సుగా తూచాడు.

ఇంటికొచ్చాక అమ్మ వంటింట్లో కూరగాయల బుట్ట ముందేసుకుని కూర్చుంది. నేను ఎదురుగా, చాప మీద కూర్చున్నాను.

"ఎన్నేళ్ల నుంచి?" అన్నాను.

"ఎనిమిదేళ్లు. ప్రతి ఏడూ కాదు. తగ్గినప్పుడే."

"తూకంలో తక్కువిచ్చి మోసం చేసేవాళ్లని చూశాను గానీ, ఎక్కువిచ్చి మోసం చేసేదాన్ని నిన్నే చూశానమ్మా."

"పళ్లు లెక్క ప్రకారం ఇచ్చాగా," అంది గబుక్కున. "అందులో ఒక్క గ్రాము తేడా లేదు."

"అంకె ఎవరి కోసం మరి? సంఘం కోసమా? దేవుడికి తెలియదా నీ కాలు?"

అమ్మ చాలాసేపు బెండకాయ తొడిమలు తీసింది. "ఆయనకి తెలుసు. నా నోటితో తగ్గిందని అంటే, సరే తగ్గిందిగా అని ఆయన కూడా ఒప్పేసుకుంటాడని భయం," అంది.

నాకు ఇక కోపం రాలేదు. బీరువాలోంచి కాగితం తెచ్చి ముందు పెట్టాను. మూడు రంగులూ చూపించి, ఎనిమిదో తరగతి పిల్లలకి చెప్పినట్టు మొత్తం చెప్పాను. ఏది కండ, ఏది కొవ్వు, ఎందుకిలా అయింది, షుగరు ఎక్కడుంది, ట్రేలు ఎందుకు మోస్తున్నాను. ఆమె కళ్లజోడు పెట్టుకుని అంకెలన్నీ రెండుసార్లు చదివింది. కూడికలు సరిచూసింది, నాకు తెలుసు. చివరికి కళ్లజోడు తీసి, "అయితే ఇన్నేళ్లూ నేను స్తోత్రం చెల్లించింది కొవ్వుకా?" అంది.

నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి అది నవ్వు కాదని తెలిసింది.

ఆ తర్వాత ఏడాది తేలిగ్గా గడవలేదు. కాగితం అర్థమైంది కానీ, భయానికి కాగితం చదవడం రాదు. నేను వంటింట్లో నిలబడి ఉంటే వెనక నుంచి వచ్చి నా నడుం దగ్గర రెండు వేళ్లు దూర్చి చూసేది, చీర ఎంత వదులైందోనని. వేళ్లు తీసుకుని వెళ్లిపోయేది. గుడ్డులో పచ్చసొన తోయడం మానేసింది గానీ, నెయ్యి గిన్నె మాత్రం నా కంచం పక్కనే పెట్టేది, నేను వద్దన్నా ఒప్పుకునేది కాదు. జ్వరమొచ్చి ఒకరోజు పడుకుంటే అక్కకి నాలుగుసార్లు ఫోను చేసింది. మార్చిలో రక్తపరీక్ష బాగుందని, కండ కొంచెం పెరిగిందని, కొవ్వు అంతకంటే ఎక్కువ తగ్గిందని డాక్టరమ్మ చెబితే, ఆ కాగితం జిరాక్సు తీయించి తలగడ కింద పెట్టుకుంది. మర్నాడు పొద్దున మళ్లీ రెండు వేళ్లు.

ఏప్రిల్లో నేను నిండు ట్రే ఎత్తాను. పిన్ని అందర్నీ పిలిచి చూపించింది. చాప మీంచి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేస్తున్నాను. మా టైలరు కొలత తీసుకుని, "చేతులు కాస్త మనిషి చేతుల్లా ఉన్నాయిప్పుడు," అంది. నాకు ఇంతవరకు ఎవరూ ఇంత పెద్ద మెప్పు ఇవ్వలేదు.

మే నెల దగ్గర పడుతుంటే, "అమ్మా, ఇక తూకం వద్దు. ఊరికే పళ్లు పంచుదాం," అన్నాను. ఇప్పటి అయ్యగారు కూడా ఆమె మొహం చూసి ఏదో పసిగట్టినట్టున్నారు. "మొక్కు చాలా ఏళ్లు చెల్లించారు కదమ్మా, ఈ ఏడు నుంచి ప్రార్థనతో సరిపెడదామా?" అన్నారు. "లేదండీ. తూయాల్సిందే," అంది అమ్మ. ఎందుకో చెప్పలేదు. ఆ ఆదివారం నేను మామూలు నూలు చీర కట్టుకున్నాను. గాజులు తీసేశాను.

అమ్మ మైకు తీసుకుంది. కాటాకి రెండు పెద్ద అడుగుల దూరం వెనక్కి జరిగి, చీర కుచ్చిళ్లు చేత్తో కాస్త పైకి పట్టుకుని, రెండు పాదాలూ అందరికీ కనబడేలా నిలబడింది. నాన్న మీట నొక్కాడు. నేనెక్కాను. అంకె ఊగింది, ఆగింది. యాభై నాలుగు కిలోల వంద గ్రాములు.

ముందు వరసలో ఎవరో "అయ్యో" అన్నారు. కిందటేటి అంకె అక్కడున్న అందరికీ నోటికొచ్చు. నా బరువు తగ్గడానికి మా ఊళ్లో ఒకటే అర్థం. అమ్మ ఆ ఎర్రంకెల వైపు చూసింది, నా వైపు చూసింది, నా నడుం వైపు చూసింది.

"యాభై నాలుగు కిలోల వంద గ్రాములు," అంది, క్లాసులో చదివే గొంతుతో. "కిందటేటి కంటే నాలుగు కిలోల వంద తగ్గింది. అందులో రెండు కిలోల నాలుగు వందలు నా కాలిది. మిగిలింది పిల్లది. స్తోత్రం."

ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు. అమ్మ మైకు కుర్చీలో పెట్టి, ఒక్కతే చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది.